పైపులోనే కరిగిపోతున్న హార్స్ పవర్

అనంతపురం జిల్లాలో చేనుకు నీరు చాలలేదంటే రైతు మొదట అనుమానించేది మోటారునే. ఐదు హార్స్ పవర్ మోటారు తొలి ఏడాది పైపు నిండుగా పోసింది, మూడో ఏటికి ధార సన్నబడింది, కనుక ఏడున్నర పెట్టక తప్పదన్న నిర్ణయానికి వస్తాడు. మెకానిక్కు ఔనంటాడు. కొట్టు యజమాని అంతకంటె గట్టిగా ఔనంటాడు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టో, వడ్డీకి తెచ్చో మోటారు మారుస్తాడు. పైపు మాత్రం పాతదే. నాలుగు రోజులు నీరు కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ తరువాత వైండింగు కాలుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతుంది. మోటారును బోరులోంచి పైకి తీయించడానికి మళ్ళీ ఖర్చు. ఈ లోగా చీనీ చెట్లు వాడిపోతాయి.

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, వేలకు వేలు పోసి మోటారు కొన్న రైతు పైపు దగ్గర బేరమాడుతున్నాడు. ఈ మాటకు రైతు నొచ్చుకోనక్కరలేదు. తప్పు అతనొక్కడిది కాదు. ‘‘ఎన్ని హార్స్ పవర్?’’ అని అడిగేవారే గాని, నీరు ఎంత ఎత్తు ఎక్కాలి, ఎంత దూరం పోవాలి, ఏ లావు పైపులో పోవాలి అని అడిగే నాథుడు ఊళ్ళో లేడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా మోటారు కొనడమంటే, కాలి కొలత చెప్పకుండా చెప్పులు కుట్టించుకోవడమే.

కపిల తోలిన తరం వారికి ఈ లెక్క తెలుసు. వారు దానికి హెడ్ అని పేరు పెట్టలేదు, అంతే. బావి ఎన్ని మట్లు అన్నది చూసి ఎద్దుల జతను ఎంచుకునేవారు. ఎండాకాలంలో నీరు రెండు మట్లు దిగితే జతను త్వరగా మార్చేవారు. గిలక కిర్రుమంటే ఆముదం పోసేవారు, ఎందుకంటే ఆ కిర్రుమన్న చప్పుడు ఎద్దుల మెడ మీద బరువై కూర్చుంటుందని వారికి తెలుసు. పైపులో నీరు రాసుకుంటూ పోయే చప్పుడు ఎవరి చెవికీ వినిపించదు. ఎద్దు రొప్పితే కంటికి కనిపిస్తుంది. నూరడుగుల లోతున మోటారు రొప్పితే కనిపించదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎత్తు ఒకటి, రాపిడి మరొకటి

పంపు మోయవలసిన మొత్తం బరువును ఎత్తు రూపంలో చెప్పేదే హెడ్. అందులో ముఖ్యంగా రెండు భాగాలున్నాయి. నీరు నిజంగా ఎక్కే ఎత్తు మొదటిది. దారి పొడుగునా పైపు గోడకు రాసుకోవడం వల్ల పోయే బలం రెండవది. ఈ రెండవ దాన్ని కూడా అడుగుల్లోనే లెక్క కడతారు. పైపు రాపిడి యాభై అడుగులు అంటే, లేని గుట్టను యాభై అడుగుల ఎత్తున చేలో నిలబెట్టి, దాని మీదికి రోజూ నీరెక్కిస్తున్నట్టు.

మొదటి భాగంలోనే చాలామంది పొరబడుతున్నారు. బోరు 600 అడుగులు వేయించి, మోటారును 400 అడుగుల దగ్గర వేలాడదీసి, ‘‘నాలుగు వందల అడుగుల నుంచి ఎత్తాలి’’ అని కొట్లో చెబుతారు. నీరు 250 అడుగుల దగ్గర ఉంటే మోటారు ఎత్తేది 250 అడుగులే. మునిగి ఉన్న 150 అడుగుల మేర, పైపు లోపలి నీటిని బయటి నీరే త్రాసులో రెండో తట్టలా తూచి నిలబెడుతుంది. అయితే ఆ 250 అన్నది తెల్లవారుజామున మోటారు వేయకముందు చూసిన మట్టం కాకూడదు. రెండు గంటలు నడిచాక నీరు ఎక్కడికి దిగి నిలుస్తుందో ఆ మట్టమే లెక్క. అది వానాకాలంలో ఒకటి, ఏప్రిల్‌లో మరొకటి. బోరు నుంచి చేను ఎంత మెరకన ఉందో దానికి కలుపుకోవాలి.

ఇక రాపిడి సంగతి. ఒక మెట్ట చేను తీసుకుందాం. నడిచే వేళ నీటి మట్టం 250 అడుగులు. చేను బోరుకంటె 20 అడుగులు మెరక. మధ్య దూరం వెయ్యి అడుగులు. ఐదు హార్స్ పవర్ మోటారు ఇలాంటి చోట నిమిషానికి సుమారు 130 లీటర్లు తోలుతుందనుకుందాం. ఎక్కే ఎత్తు మొత్తం 270 అడుగులు. ఇది ఎవరూ తగ్గించలేనిది. ఆ నీటిని చేనుకు చేర్చే వెయ్యి అడుగుల ప్లాస్టిక్ పైపు లోపలి వ్యాసం ఒకటిన్నర అంగుళమైతే ఆ నీటికి రాపిడి సుమారు 107 అడుగులు. రెండు అంగుళాలైతే 26 అడుగులు. రెండున్నర అంగుళాలైతే 9 అడుగులే.

ఒకటిన్నరకు, రెండున్నరకు చూపులో తేడా ఒక అంగుళం. లెక్కలో తేడా దాదాపు నూరు అడుగులు. సన్న పైపు వేసిన రైతు తన బోరులో నీరు ఇంకో నూరడుగులు కిందికి పోయినట్టు తనకు తానే శిక్ష వేసుకున్నాడన్నమాట. వానలు కురిసి, చెరువు నిండి, భూగర్భ జలం నూరడుగులు పైకి వస్తే ఊరంతా పండుగ చేసుకుంటుంది. అంత మేలు పైపు మార్చితే వస్తుందంటే నమ్మేవారు తక్కువ.

దీనికి కారణం పైపు స్వభావంలోనే ఉంది. లోపలి వ్యాసం సగమైతే, అంతే నీటికి రాపిడి రెట్టింపు కాదు, సుమారు ముప్పై రెట్లవుతుంది. అదే పైపులో రెట్టింపు నీరు తోలాలంటే రాపిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. సన్న పైపును అలాగే ఉంచి మోటారును పెద్దది చేస్తే నీరు ఎందుకు పెరగదో ఇక్కడే తెలుస్తుంది. పెంచిన బలంలో చాలా వంతు పైపు గోడలకే పోతుంది. నిజానికి పంపు అంత రాపిడిని మోయలేక తోలే నీటినే తగ్గించుకుంటుంది. రైతుకు కనిపించేది ఆ తగ్గిన ధార ఒక్కటే, దాని వెనుక కారణం కనిపించదు.

పైపు కొనేటప్పుడు మరొక మోసపాటు ఉంది. ఇది కొట్టువాడు చేసే మోసం కాదు, కొలతలోనే ఉన్న తిరకాసు. ప్లాస్టిక్ పైపుకు చెప్పే మిల్లీమీటర్లు బయటి కొలత. 63 మిల్లీమీటర్లంటే లోపల 63 ఉండదు. గోడ మందం పోగా మిగిలేదే నీటికి దారి. ఎక్కువ ఒత్తిడి తట్టే మందపు పైపు కొంటే ఆ దారి ఇంకా తగ్గుతుంది. స్కేలు పెట్టి లోపలి వ్యాసం కొలవడానికి అర నిమిషం చాలు.

చేను మీది పైపును మాత్రమే చూస్తే సరిపోదు. బోరులో మోటారును వేలాడదీసిన పైపు కూడా పైపే. దాని పొడుగు మూడు, నాలుగు వందల అడుగులు. మోసేందుకు తేలిక అనో, ఊళ్ళో అందరూ అదే వేశారనో అక్కడ ఒకటిన్నర అంగుళం వేస్తున్నారు. 300 అడుగులకు అదే నీటికి 32 అడుగుల రాపిడి అక్కడ ముందే పోయింది.

వంపులు, ఫుట్ వాల్వులు, ఎగిసే ధారలు

పైపు తిరిగే ప్రతి మూలా బలాన్ని తింటుంది. రెండంగుళాల ఎల్బో ఒక్కటి ఐదడుగుల తిన్నని పైపుతో సమానమైన రాపిడి పెడుతుంది. గట్టు చుట్టూ, పొరుగువారి చేను అంచున, వేపచెట్టును తప్పించి ఎనిమిది ఎల్బోలు వేస్తే నలభై అడుగుల పైపు అదనంగా వేసినట్టే. పొడుగైన బెండు వేస్తే ఆ నష్టం చాలా తగ్గుతుంది. సగం తెరిచి వదిలేసిన గేటు వాల్వు సంగతి చెప్పనక్కరలేదు. కొన్ని చోట్ల ఆ వాల్వును ఎవరు తిప్పారో, ఎప్పుడు తిప్పారో కూడా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

బావులు ఎండి బోర్లు వచ్చాక ఫుట్ వాల్వు ఊసు తగ్గింది గాని, హంద్రీ-నీవా కాలువ గట్టున, చెరువుల కింద, వాగుల్లో నేటికీ ఆయిలింజన్లు, మోనోబ్లాకులు నీరు తోడుతున్నాయి. అక్కడ మొదటి దొంగ ఫుట్ వాల్వే. రెండంగుళాల సైజులో బాగా తెరుచుకునే రకం ఫుట్ వాల్వు పన్నెండు, పదమూడు అడుగుల పైపుకు సమానమైన రాపిడితో సరిపెడుతుంది. ఇరుకు దారి ఉన్న రకం డెబ్బై అడుగుల పైపుకు సమానం. రెండూ కొట్లో పక్కపక్కనే ఉంటాయి, చౌకైనదే ముందు అమ్ముడవుతుంది. జాలీకి పాచి, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటే ఇక అడగనక్కరలేదు.

పీల్చే వైపు నష్టం మరీ ప్రమాదం. గాలి ఒత్తిడి నీటిని ఎత్తగలిగేది లెక్క ప్రకారం 33, 34 అడుగులే. ఆచరణలో 20 అడుగులు దాటితే పంపు తడబడుతుంది. పదిహేను అడుగుల లోతులో ఉన్న నీటిని పీల్చవలసిన పంపుకు, ఇరుకు ఫుట్ వాల్వు మరో పదడుగుల భారం పెడితే పంపు గాలి మింగి వణుకుతుంది, లోపలి ఇంపెల్లరు గుంతలు పడి పాడవుతుంది. పీల్చే పైపు పోసే పైపుకంటె ఒక సైజు లావుండాలన్న మాట అందుకే వచ్చింది.

ఎగిసే ధార సంగతి కూడా చెప్పక తప్పదు. తొట్టి మీద ఆరడుగుల ఎత్తున పైపు నిలిపి, మూతిని ఇరుకు చేసి, నీరు దూరంగా చిమ్మితే మోటారు గట్టిదన్న పేరు మన పల్లెల్లో ఉంది. దారిన పోయేవారు చూసి మెచ్చుకుంటారు. ఆ ఆరడుగులు ఎత్తినదీ దండగే, ఆ మూతి దగ్గర పోయిన బలమూ దండగే. పైపును తొట్టి అంచుకు దించి మూతి విప్పేస్తే ధార చప్పగా కనిపిస్తుంది, నీరు మాత్రం పెరుగుతుంది. ధార చూపు నమ్మదగింది కాదు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి గడియారం చూడాలి. నిమిషానికి 130 లీటర్లు పోస్తే ఆ డ్రమ్ము ఒకటిన్నర నిమిషంలో నిండుతుంది. ఈ పరీక్షకు మెకానిక్కు అక్కరలేదు.

హార్స్ పవర్ మోజు ఎక్కడిది?

రైతు హార్స్ పవర్‌నే ఎందుకు చూస్తాడన్నదానికి చరిత్ర ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు మీటరు పద్ధతి పోయి, హార్స్ పవర్‌ను బట్టి శ్లాబు వచ్చింది. ఎన్ని యూనిట్లు కాలాయన్న ప్రశ్న ఆనాడే ముగిసింది. ఎన్ని హార్స్ పవర్ అన్నదే డబ్బుకు, మాటకు కొలమానమైంది. శ్లాబు తగ్గించుకోవడానికి మోటారు మీద పలక మార్చి, ఐదును మూడుగా చూపిన వారూ ఉన్నారు. కంపెనీ పలక అలా ఊడిపోవడంతో దానిమీద ఉన్న అసలు సమాచారం కూడా పోయింది. ఆ పలక మీద హార్స్ పవర్ ఒక్కటే ఉండదు. ఎంత హెడ్ దగ్గర ఎంత నీరు పోస్తుందో, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో అన్నీ ఉంటాయి. పంపుకు అదే జాతకం.

2004 మే నెలలో ఉచిత విద్యుత్తు వచ్చింది. మెట్ట రైతుకు అది ఊపిరి పోసిందన్నది నిర్వివాదాంశం. ఆ తరువాత పెట్టిన షరతుల్లో కెపాసిటరు, ఐఎస్ఐ ముద్ర ఉన్న పంపుసెట్టుతో పాటు, రాపిడి లేని ఫుట్ వాల్వు, హెచ్‌డిపిఇ లేదా ఆర్‌పివిసి పైపు కూడా ఉన్నాయి. కాగితం రాసినవారికి విషయం తెలుసునన్నమాట. కాని కెపాసిటరు మాట విన్నంతగా పైపు మాట పల్లెల్లో ఎవరూ వినలేదు. పైపు ఏ రకమో రాసిన ఆ కాగితం, అది ఎంత లావుండాలో చెప్పలేదు. ఒకటిన్నర అంగుళం హెచ్‌డిపిఇ పైపు వేసినా షరతు నెరవేరినట్టే.

కరెంటు ఉచితం కదా, రాపిడికి పోతే రైతుకేమిటని కొందరంటారు. పై లెక్కలో సన్న పైపుకు, లావు పైపుకు తేడా, మన పంపులు, మోటార్ల సాధారణ పనితనం బట్టి చూస్తే, గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు. తొమ్మిది గంటలు నడిస్తే పదమూడు, పద్నాలుగు యూనిట్లు, ఒక్క చేలో. బిల్లు రాకపోవచ్చు. ఆ భారం ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారే లేస్తాయి. ఐదు ఉన్నచోట ఏడున్నరలు చేరితే వోల్టేజి పడిపోతుంది, పడిన వోల్టేజికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. ఒక రైతు పైపు దగ్గర మిగిల్చుకున్న డబ్బును పక్క రైతు వైండింగు దగ్గర చెల్లిస్తున్నాడు. ఇది ఉచితం ఎలా అవుతుంది?

ప్రభుత్వం తన పంపుల విషయంలో ఇంత ఉదాసీనంగా లేదు. మల్యాల నుంచి జీడిపల్లి దాకా కృష్ణా జలాన్ని అంచెలంచెలుగా ఎత్తిపోస్తున్న హంద్రీ-నీవాలో ప్రతి అంచెకూ ఎత్తు ఎంత, పైపు లావు ఎంత, రాపిడి ఎంత అని లెక్క కట్టకుండా ఒక్క మోటారు కూడా పెట్టరు. ఆ లెక్కే చిన్న రైతు ఐదు హార్స్ పవర్ మోటారుకూ వర్తిస్తుంది. దానికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. ఒక పట్టిక చాలు.

డ్రిప్పు వచ్చాక ఈ అవసరం మరీ పెరిగింది. 2003 నవంబరులో సూక్ష్మ సేద్యం పథకం మొదలైన నాటి నుంచి జిల్లాలో చీనీ తోటలకు, కూరగాయలకు డ్రిప్పు పరుచుకుంది. డ్రిప్పు పైపులకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి కావాలంటే, అది 33 అడుగుల హెడ్. కాలువ పారకానికి కొన్న పాత మోటారుకు ఆ భారం కొత్తగా తగిలిస్తున్నారు. దానికి తోడు ఫిల్టరు. కడగని ఫిల్టరుకు ముందూ వెనుకా ఉన్న గేజీల మధ్య అర కిలో తేడా చూపితే, పదహారు అడుగులు అక్కడే పోయాయి. చివరి చెట్టుకు చుక్క పడకపోతే రైతు డ్రిప్పు కంపెనీని తిడతాడు, కంపెనీవాడు బోరును తిడతాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టివేయదగింది కాదు. పైపు లావు చేస్తే అదే మోటారు ఎక్కువ నీరు లాగుతుంది, అప్పుడు బోరు ఇంకా త్వరగా ఎండదా? ఎండుతుంది, మోటారును పాత గంటలే నడిపితే. తొమ్మిది గంటల్లో పారే చేను ఏడు గంటల్లో పారితే స్టార్టరు ఆపే రైతుకే ఆ మేలు దక్కుతుంది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడవాలనుకునేవారికి లావు పైపు వల్ల వచ్చేది మరో పది చెట్లు, ఆపై మరో బోరు. ఈ మాట రైతుకు చెప్పకుండా పైపు మార్చమనడం సగం నిజం చెప్పడమే అవుతుంది.

మరో జాగ్రత్త కూడా ఉంది. ఎక్కువ హెడ్‌కు కొన్న పంపుకు ఉన్నట్టుండి పైపు లావు చేసి భారం తగ్గిస్తే, కొన్ని పంపులు నీరు మరీ ఎక్కువ తోలబోయి పలకమీద రాసిన ఆంపియర్లు దాటతాయి. మార్చిన రోజున ఎలక్ట్రీషియన్ చేత ఆంపియర్లు చూపించుకోవాలి. దాటితే గేటు వాల్వును కొద్దిగా బిగించడం తాత్కాలిక మార్గం. స్టేజీలు తగ్గించిన పంపు సరైన మార్గం.

అధికారుల వంతు

విద్యుత్తు శాఖ కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు హార్స్ పవర్ గడి నింపించుకుంటుంది. డ్రిప్పు మంజూరుకు చేను కొలతలు, బోరు వివరాలు తీసుకుంటారు. ఆ కాగితాల్లో మరొక నాలుగు గడులు చేర్చడం కష్టం కాదు. నడిచే వేళ నీటి మట్టం, చేను మెరక, పైపు పొడుగు, పైపు లోపలి వ్యాసం. ఈ నాలుగింటినీ కూడి మొత్తం హెడ్ ఎంతో రైతు చేతిలో ఒక చీటీ రాసి పెడితే, కొట్టు ముందు నిలబడినప్పుడు అతడు హార్స్ పవర్ అడగడు, ఇన్ని అడుగుల హెడ్ దగ్గర ఎన్ని లీటర్లు పోస్తుందని అడుగుతాడు. కొట్టువారూ ఆ కంపెనీ పట్టిక తీసి చూపక తప్పదు. ఊరికొక వ్యవసాయ సహాయకుడున్నాడు. ఒక కొలత తాడు, ఒక డ్రమ్ము, ఒక ఆంపియర్ మీటరు అతనికి ఇచ్చి, వేసవిలో పది రోజులు ఊళ్ళోని మోటార్లు చూడమంటే ఖజానాకు పడే భారం ఏపాటిది?

పైపుకు రాయితీ ఇవ్వడమూ ఆలోచించదగిందే. ఐఎస్ఐ ముద్ర మోటారు పెట్టుకోమని ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. మంచి మోటారుకు సన్న పైపు తగిలిస్తే ఆ ముద్ర వల్ల వచ్చిన లాభం మొదటి మూడు వందల అడుగుల్లోనే పోతుంది. 1980ల్లో గుజరాత్‌లో పాత పంపుసెట్లను పరిశీలించి, మోటారును ముట్టుకోకుండా ఫుట్ వాల్వు, పైపులు మార్చినంత మాత్రానే విద్యుత్తులో చెప్పుకోదగ్గ ఆదా వస్తుందని చూపారు. నాలుగు దశాబ్దాల నాటి ఆ పాఠం మన బోర్ల దాకా రాలేదు.

ఈ వేసవిలోనూ జిల్లాలో ఎన్నో మోటార్లు మరమ్మతుకు పైకి వస్తాయి. బోరులోని పైపు మార్చాలంటే కూలి ఖర్చు కలిసివచ్చేది ఆ ఒక్క రోజే. మోటారు గట్టున ఉన్నప్పుడే పైపు మూతి దగ్గర స్కేలు పెట్టి చూసుకోవడం మేలు.